సంఘ భవనానికి అందరూ రాగలగాలంటే: బెంగళూరు తెలుగు సంఘాల కార్యవర్గాలు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో కొన్ని తెలుగు సంఘాలకు సొంత భవనాలున్నాయి. కొన్ని ఉగాదికో సంక్రాంతికో హాలు అద్దెకు తీసుకుంటాయి. రెండు రకాల వాళ్ళూ అడిగే ప్రశ్నలు ఇవి. అడిగేది ఎక్కువగా కార్యదర్శులు, కోశాధికారులు, హాలు చూసుకునే మేనేజర్లు. జవాబుల్లో కొలతలున్నాయి, చట్టం ఉంది, కాస్త చిరాకు కూడా ఉంది. అన్నిటికీ గీటురాయి మాత్రం ఒకటే. వచ్చిన మనిషి ఎవరినీ బతిమాలకుండా లోపలికి రాగలిగారా, ఉన్నంతసేపు నలుగురితో పాటు ఉండగలిగారా, వెళ్ళాలనుకున్నప్పుడు వెళ్ళగలిగారా?

మా సభ్యుల్లో వైకల్యం ఉన్నవాళ్ళెవరూ లేరు. ఎవరి కోసం ఇదంతా?

రాలేరు కాబట్టి మీకు కనబడరు. 2011 జనగణనలోనే దేశంలో 2.68 కోట్ల మంది వైకల్యం ఉన్నట్టు నమోదయ్యారు. ఆ తర్వాత వచ్చిన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో పార్కిన్సన్స్ ఉంది, ఆటిజం ఉంది, తలసీమియా ఉంది, యాసిడ్ దాడికి గురైనవారూ ఉన్నారు. వీల్‌చైర్ బొమ్మ ఒక్కటే మనసులో పెట్టుకుని చూస్తే వీళ్ళలో సగం మంది కంటికి ఆనరు.

మీ సభ్యుల జాబితానే ఒకసారి ముందేసుకోండి. మోకాళ్ళు పట్టేశాయని రావడం మానేసిన పెద్దాయన, పిల్లవాడు మైకు మోతకి చెవులు మూసుకుని ఏడుస్తాడని వచ్చిన పది నిమిషాలకే వెళ్ళిపోయిన దంపతులు, పక్షవాతం వచ్చిన భర్తను వదిలి రాలేక చందా మాత్రం పంపేసే ఆవిడ... అందరూ అందులోనే ఉంటారు. కొడుకు ఉద్యోగం కోసం అనంతపురం నుంచో ఒంగోలు నుంచో ఇక్కడికి వచ్చేసిన తల్లిదండ్రులకు ఈ ఊళ్ళో తెలుగులో నాలుగు మాటలు వినబడే చోటు మీ హాలే. ఆ గుమ్మం ముందు మూడు మెట్లుంటే వాళ్ళు ఇంట్లో టీవీ ముందే ఉండిపోతారు.

మాది ప్రైవేటు సంఘం. చట్టం మాకూ వర్తిస్తుందా?

వర్తిస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, జనం వచ్చిపోయే భవనం ఏదైనా పబ్లిక్ బిల్డింగేనని అది చెబుతోంది. సాంస్కృతిక, మత, వినోద కార్యక్రమాలు జరిగే భవనాలను పేరుపెట్టి మరీ చేర్చింది. 44వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్నవారూ రాగలిగేలా కట్టాలన్న నిబంధనలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు, కంప్లీషన్ సర్టిఫికెట్టూ ఇవ్వకూడదు. పాత భవనాలకు 45వ సెక్షన్ ఐదేళ్ళ గడువిచ్చింది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి కాబట్టి ఆ గడువు 2022లోనే దాటిపోయింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. భవనాల్లోకి అందరూ రాగలగడానికి పెట్టిన ఈ ప్రమాణాలు ఏదో సలహాల్లాగా ఉంటే చాలదు, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస నిబంధనలు విడిగా ఉండాలని చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయం వాళ్ళే.

జరిమానా భయంతో కట్టిన ర్యాంపుని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. నిటారుగా ఉంటుంది, రెయిలింగ్ ఉండదు, పైన పూలకుండీలుంటాయి.

పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఆర్కిటెక్టుని పిలవాలా?

పిలుద్దురుగాని. ముందు ఒక మెటల్ టేపు, ఒక అద్దె వీల్‌చైర్, వీలైతే వీల్‌చైర్ రోజూ వాడే ఒక మనిషి ఉంటే చాలు. గేటు దగ్గర మొదలుపెట్టి టాయిలెట్ దాకా వెళ్ళి రండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. ఆర్కిటెక్టు వచ్చినప్పుడు ఆ కాగితం చేతికిస్తే ఆయన పని సగం తగ్గుతుంది.

తలుపు కొలిచేటప్పుడు ఒక తిరకాసుంది. మూడడుగుల తలుపు అంటే మూడడుగుల దారి అనుకుంటారు. తలుపుని తొంభై డిగ్రీలు తెరిచి, తలుపు రెక్కకూ ఎదుటి చట్రానికీ మధ్య ఖాళీ కొలవండి. 32, 33 అంగుళాలే వస్తుంది. ప్రమాణం ప్రకారం ఆ ఖాళీయే 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు ఉండాలి. గుండ్రటి నాబ్ ఉంటే తీసేసి లివర్ హ్యాండిల్ పెట్టించండి. చేతివేళ్ళు పట్టు తప్పినవాళ్ళకి నాబ్ తిరగదు. గడప అరంగుళం దాటకూడదు.

ఈ నడకలో పైసా ఖర్చు లేకుండా సరిచేయగలిగినవే ఎక్కువ దొరుకుతాయి. ర్యాంపు మీద నిలిపిన బైకులు, క్యాటరింగ్ వాళ్ళ గ్యాస్ సిలిండర్లు, గుమ్మం ముందు చెప్పుల గుట్ట, ర్యాంపు మొదట్లో వేసిన రంగుల ముగ్గు. ముగ్గు అందమే, కాదనను. అయితే ముగ్గు పొడి మీద చేతికర్ర జారుతుంది, చక్రమూ జారుతుంది. దాన్ని పక్క గోడ వారకి జరపండి, అక్కడా అంతే అందంగా ఉంటుంది.

ర్యాంపు ఎంత పొడవుండాలి?

వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. మేస్త్రీకి చెప్పాల్సిన భాషలో అయితే ఒక అంగుళం ఎత్తుకి ఒక అడుగు పొడవు. ఆరంగుళాల మెట్లు మూడుంటే 18 అంగుళాలు, కాబట్టి 18 అడుగుల ర్యాంపు. నాలుగు మెట్లుంటే 24 అడుగులు. ఈ లెక్క చెప్పగానే కార్యవర్గంలో ఒకరు తప్పకుండా "అంత అక్కర్లేదండీ, వెనక నుంచి ఒకరు తోస్తారుగా" అంటారు. అక్కడే దారి తప్పుతాం. తోసే మనిషి ఉన్నప్పుడే రాగలిగితే, ఆ రావడం ఇంకొకరి తీరికని బట్టే ఉంటుంది. పైగా నిటారు ర్యాంపు మీద తోసేవాళ్ళ నడుమే ముందు పోతుంది. దిగేటప్పుడు సంగతి ఇంకా ఘోరం.

వెడల్పు కనీసం 1200 మిల్లీమీటర్లు, అంటే నాలుగడుగులు. రెండు పక్కలా రెయిలింగ్, అదీ రెండు ఎత్తుల్లో. పైది నిలబడి నడిచేవాళ్ళకి, కిందది పిల్లలకీ కూర్చుని వెళ్ళేవాళ్ళకీ. మొదట, చివర, మలుపు తిరిగే చోట ఐదడుగుల చదరం సమతలంగా ఉండాలి. అక్కడ చక్రం తిప్పుకోవాలి, కాసేపు ఊపిరి తీసుకోవాలి. అంచున చిన్న గట్టు ఉంటే చక్రం పక్కకి జారిపోదు.

బెంగళూరులో ఇంకో బెడద గ్రానైట్. ఇక్కడ తేలిగ్గా దొరుకుతుంది కదాని పాలిష్ గ్రానైట్ పరిచేస్తారు. నాలుగు చినుకులు పడితే అద్దమే. ఫ్లేమ్ ఫినిష్ గ్రానైటో గరుకు టైలో వేయించండి. గ్రానైట్ ఇప్పటికే వేసేసి ఉంటే అడ్డంగా గరుకు పట్టీలు అంటించవచ్చు. అవి అరిగిపోతాయి, మార్చుకుంటూ ఉండాలి.

సెల్లార్‌లోకి కార్లు దిగే వాలుదారిని చూపించి "మాకు ర్యాంపు ఉంది" అని చెప్పేవాళ్ళూ ఉన్నారు. అది కార్లకి. దాని వాలు మనిషి చేతులతో చక్రాలు తిప్పి ఎక్కగలిగేది కాదు.

మాది 40×60 సైటు. 24 అడుగుల ర్యాంపుకి చోటెక్కడ?

పక్కన వదిలిన సెట్‌బ్యాక్‌లో చూడండి. తిన్నగా రాకపోతే సగం పోయి, మలిచి, వెనక్కి తేవచ్చు. అదీ కుదరకపోతే మూడు నాలుగడుగుల ఎత్తుకి ప్లాట్‌ఫారం లిఫ్టులు వస్తున్నాయి. ఒకటి రెండు మెట్లే అయితే మడతపెట్టే అల్యూమినియం ర్యాంపు పనికొస్తుంది. దాన్ని వాచ్‌మన్ గదిలో తాళం వేసి ఉంచకండి, కార్యక్రమం రోజు మొదటి అతిథికి ముందే పరిచి ఉండాలి. వెనక వంటింటి వైపు గుమ్మం సమతలంగా ఉంటే అటు నుంచి తీసుకెళ్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. గిన్నెలు కడిగే చోటు నుంచి అతిథిని లోపలికి తెస్తారా? ఒక్క సంవత్సరానికి తాత్కాలికమంటే సరే. బోర్డు పెట్టి మరీ శాశ్వతం చేయకండి.

హాలు మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు పెట్టే స్తోమత ఇప్పట్లో లేదు.

అప్పటిదాకా కార్యక్రమాన్నే కిందికి దించండి. స్టిల్ట్ పార్కింగ్‌లో కార్లు బయట పెట్టించి, షామియానా గుడ్డలు చుట్టి, ఎన్నో చోట్ల కచేరీలే చేస్తున్నారు. నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా పైకి మోసుకెళ్ళడాన్ని మాత్రం ఏర్పాటుగా లెక్కేయకండి. ప్రమాదం సంగతి అటుంచితే, మోయించుకుంటున్న మనిషికి ఆ రెండు నిమిషాలు ఎలా గడుస్తాయో ఒకసారి ఆలోచించండి. అందరూ తననే చూస్తుంటారు.

లిఫ్టు పెట్టే రోజు వస్తే తలుపు వెడల్పు 900 మిల్లీమీటర్లు ఉండేలా చూడండి. బటన్లు కూర్చున్నవారికి అందే ఎత్తులో, చేతికి తగిలే ఉబ్బెత్తు అంకెలతో ఉండాలి, అంతస్తు పేరు మాటల్లో వినిపించాలి. మన కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి, కరెంటు పోయినప్పుడు దగ్గరి అంతస్తుకి తెచ్చి తలుపు తెరిచే ఏఆర్‌డీ తప్పకుండా పెట్టించండి.

టాయిలెట్‌కి అంత ప్రాధాన్యం ఎందుకు? కార్యక్రమం మూడు గంటలేగా?

వచ్చేవాళ్ళు ముందు అడిగేదే దాని గురించి. అది లేదని తెలిస్తే రారు, వచ్చినా పొద్దున్నించీ మంచినీళ్ళు తాగకుండా వస్తారు. ఎండాకాలం ఉగాది నాడు నీళ్ళు తాగకుండా కూర్చున్నవారికి మనం పానకమిచ్చి ఏం లాభం?

గది కనీసం 2200 × 2000 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఏడుంపావు అడుగులకి ఆరున్నర అడుగులు. లోపల వీల్‌చైర్ గుండ్రంగా తిరగడానికి ఐదడుగుల వృత్తం ఖాళీగా ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకి జరగాలి. లోపలికి తెరుచుకుంటే, లోపల ఎవరైనా పడిపోయినప్పుడు ఆ మనిషే తలుపుకి అడ్డం. కమోడ్ సీటు 450 నుంచి 480 మిల్లీమీటర్ల ఎత్తు. గోడ వైపు కదలని పట్టుకమ్మీ, రెండో వైపు పైకి మడిచేది. ఆ కమ్మీలు మనిషి పూర్తి బరువు ఆనించినా ఊడిరాకూడదు. టవల్ రాడ్డు బిగించి అదే పట్టుకమ్మీ అనుకోమనే ప్లంబర్లున్నారు, జాగ్రత్త. హెల్త్ ఫాసెట్, ఫ్లష్ రెండూ కూర్చున్నచోటి నుంచి చేతికందాలి. వాష్‌బేసిన్ కింద స్టాండు గాని అల్మరా గాని ఉండకూడదు, మోకాళ్ళు దూరాలి. నేలకి దగ్గరగా వేలాడే అలారం తాడు ఒకటి ఉండాలి, పడిపోయిన మనిషికి అందేది అదే.

మగవాళ్ళ వైపో ఆడవాళ్ళ వైపో కాకుండా దీనికి విడిగా గుమ్మం ఉండాలి. ఇరవయ్యేళ్ళ కొడుకుని తల్లే టాయిలెట్‌కి తీసుకెళ్ళాల్సిన ఇళ్ళున్నాయి, మంచం పట్టి లేచిన భార్యను భర్తే తీసుకెళ్ళాల్సిన ఇళ్ళున్నాయి. వాళ్ళు ఏ బోర్డున్న గుమ్మంలోకి వెళ్ళాలి? చోటు ఉంటే ఒక గట్టి బల్ల కూడా వేయించండి. డైపర్ అవసరం పసిపిల్లలకే కాదు, దాన్ని తడినేల మీద పడుకోబెట్టి మార్చే గతి ఎవరికీ పట్టకూడదు.

అన్నీ పెట్టించాక రెండు తెగుళ్ళు వస్తాయి. మొదటిది, ఆ గది స్టోరు రూమైపోతుంది. విరిగిన కుర్చీలు, కిందటేటి ఫ్లెక్సీలు, తుడుపు బకెట్లు అన్నీ అక్కడికే చేరతాయి. రెండోది తాళం. "శుభ్రంగా ఉంటుందని తాళం వేశామండీ, అడిగితే ఇస్తాం" అంటారు. తాళంచెవి ఉన్న మనిషి భోజనాల బంతిలో వడ్డిస్తుంటాడు. అడగాల్సి రావడమే అసలు ఇబ్బంది. తాళం తీసేయండి.

లోపల పూజామందిరం ఉంది, చెప్పులు విప్పాలని నియమం. అందరికీ ఒకే నియమం ఉండాలి కదా?

కృత్రిమ కాలు పెట్టుకున్నవారికి ఆ కాలు, చెప్పు లేదా బూటు ఎత్తుకి సరిపోయేలా అమర్చి ఉంటుంది. అది విప్పితే నడక తూకం తప్పుతుంది. పోలియో వచ్చిన కాలికి వేసే క్యాలిపర్ కొందరికి బూటుకే బిగించి ఉంటుంది. మధుమేహంతో పాదాల్లో స్పర్శ పోయినవారికి వట్టికాళ్ళ నడక పుండుకి దారి. వీళ్ళకి గుమ్మం దగ్గర ఒక తడిగుడ్డ ఇచ్చి అడుగుభాగం తుడుచుకోమంటే సరిపోతుంది. వీల్‌చైర్ చక్రాలకీ అంతే. వాలంటీర్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి, గుమ్మంలో నిలబెట్టి వాదించకుండా. చెప్పులు విప్పగలిగినవారికి కూడా కూర్చుని విప్పుకోవడానికి ఒక బెంచీ వేస్తే పెద్దవాళ్ళు మనసారా దీవిస్తారు.

హాల్లో వీల్‌చైర్ వాళ్ళకి ముందు వరసలో చోటిస్తున్నాం. సరిపోతుందా?

ముందు వరస, చివరి వరస అని కాకుండా అక్కడక్కడా వరసలోంచి ఒకటి రెండు కుర్చీలు తీసేసి ఖాళీ వదలండి, కుటుంబంతో కలిసి కూర్చుంటారు. నడిచే దారి నాలుగడుగులు ఉండాలి. చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీలతో పాటు చేతులున్న గట్టి కుర్చీలు పదిహేనో ఇరవయ్యో ఉంచండి. చేతుల మీద బలం వేసి లేవాల్సినవాళ్ళు ప్రతి సభలో ఉంటారు.

మరి వేదిక?

ఈ ప్రశ్న అడిగే సంఘాలు తక్కువ, అందుకే అడిగినవారికి నమస్కారం. వైకల్యం ఉన్నవాళ్ళు ప్రేక్షకుల్లోనే ఉంటారని మనకో లెక్క. డిసెంబరు 3న, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం రోజున, సన్మానానికి పిలిచిన అతిథినే కుర్చీతో ఎత్తి వేదిక మీద పెడతారు, కిందవాళ్ళు చప్పట్లు కొడతారు. వేదిక ఎత్తు రెండడుగులైతే 24 అడుగుల ర్యాంపు కావాలి. అంత చోటు లేకపోతే వేదికనే తీసేయండి. అందరూ నేల మీదే మాట్లాడవచ్చు, కవి సమ్మేళనాలకి అదే బాగుంటుంది కూడా. పోడియం ఎత్తు మార్చుకునేదిగా ఉంటే మంచిది, లేకపోతే చేతి మైకు.

వినికిడి సమస్య ఉన్నవారికి ఏం చేయగలం?

మైకు వాడించండి. "నాకు మైకెందుకు, గొంతు చాలు" అనే వక్త ప్రతి సంఘానికీ ఒకరుంటారు. ఆయన గొంతు హాలంతా వినబడవచ్చు. కానీ హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నవారికి దూరం నుంచి వచ్చే గొంతు, హాలు మోత, పక్కవాళ్ళ కబుర్లు అన్నీ ఒకే ముద్దగా వినబడతాయి. ప్రేక్షకుల్లోంచి ప్రశ్న వచ్చినా మైకు అందించాల్సిందే, లేదా ఆ ప్రశ్నని వేదిక మీదివారు మళ్ళీ చెప్పాలి. మాట్లాడేవారి ముఖం మీద వెలుతురు పడాలి, పెదాల కదలిక చూసి అర్థం చేసుకునేవారుంటారు. సౌండ్ బాక్సుని వాళ్ళ పక్కనే పెట్టడం మేలు కాదు. మోత పెరుగుతుందే తప్ప మాట తేటపడదు. సొంత భవనమైతే ఇండక్షన్ లూప్ గురించి కనుక్కోండి. హాలు చుట్టూ వేసిన తీగ నుంచి మైకు మాట, దాన్ని అందుకునే టీ-కాయిల్ అనే చిన్న తీగచుట్ట ఉన్న హియరింగ్ ఎయిడ్‌లోకి నేరుగా చేరుతుంది.

సంజ్ఞా భాష మాట్లాడే బధిరులకి దుబాసీ కావాలి. మన దేశంలో వాడేది భారతీయ సంజ్ఞా భాష, తెలుగుకి వేరు కన్నడానికి వేరు అని ఉండదు. చిక్కు ఎక్కడంటే, ఇక్కడి దుబాసీకి మన ఉపన్యాసకుడి తెలుగు అర్థం కావాలి. అందుకని ప్రసంగాల ప్రతులో కనీసం అంశాలో ముందే పంపండి. రెండు గంటల సభకి ఒక్కరిని పెట్టకండి, ఇద్దరు వంతులవారీగా చేసే పని అది.

లైవ్ ట్రాన్‌స్క్రైబ్ వంటి ఫోన్ యాప్‌లు తెలుగు మాటల్ని కూడా అప్పటికప్పుడు అక్షరాల్లో చూపిస్తాయి. వాడుక భాషకి ఫర్వాలేదు. అవధానంలో పద్యం ఎత్తుకుంటే మాత్రం అది రాసేది చూసి పృచ్ఛకులే నవ్వుకుంటారు. పద్యాలు, పాటల సాహిత్యం ముందే తెలిసినవైతే అచ్చువేసి పంచండి, లేదా తెర మీద చూపండి. వినబడేవారు కూడా అదే చూస్తూ కూర్చుంటారు.

చూపు లేనివారికి మా ఆహ్వానాలు వాట్సాప్‌లోనే వెళ్తాయి. అది చాలదా?

వెళ్ళేది బొమ్మ. రంగురంగుల పోస్టరులో తేదీ, వేళ, చోటు అన్నీ బొమ్మలో భాగమైపోతాయి. ఫోన్లో తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్, టాక్‌బ్యాక్, దానికి "ఫోటో" అని చెప్పి ఊరుకుంటుంది. పీడీఎఫ్ పంపినా, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినదైతే స్క్రీన్ రీడర్‌కి అందులో కనబడేవి తెలుగు అక్షరాలు కావు, పొంతనలేని ఇంగ్లీషు గుర్తులు. విరుగుడు చాలా తేలిక. పోస్టరు కిందే అదే విషయాన్ని యూనికోడ్ తెలుగులో, అంటే ఫోన్లో మామూలుగా టైపు చేసే తెలుగులో, నాలుగు లైన్లు టైపు చేసి పంపండి. మీ సంఘం పత్రికనీ యూనికోడ్‌లోకి మార్చండి. డీటీపీ ఆయన "లేఅవుట్ చెడుతుంది సార్" అంటారు. కొంచెం చెడుతుంది, అలవాటు పడదాం.

భవనంలో గుమ్మం నుంచి ముఖ్యమైన చోట్లకి స్పర్శ టైల్స్ వేయించవచ్చు. నిలువు గీతలుంటే ముందుకు సాగమని, గుండ్రటి బొడిపెలుంటే ఆగమని. వాటిని అందం కోసం డిజైనులా పరిస్తే మనిషి నేరుగా స్తంభానికి గుద్దుకుంటారు. మెట్ల అంచులకి మెట్టు రంగు నుంచి కొట్టొచ్చినట్టు వేరుగా కనబడే రంగు పట్టీ వేయండి, చూపు మసకబారిన పెద్దలకి అదే ఎక్కువ ఉపయోగం. గాజు తలుపులకి కంటి ఎత్తులో గుర్తు అంటించండి. కార్యక్రమంలో "ఇప్పుడు తెర మీద చూస్తున్నారు కదా" అని ఊరుకోకుండా ఏం కనబడుతోందో వ్యాఖ్యాత ఒక్క వాక్యంలో చెప్పాలి.

ఆటిజం ఉన్న పిల్లలు డోలు సన్నాయికి బెదిరిపోతున్నారు. మేళం మానేయమంటారా?

మానక్కర్లేదు, మేళం ఎప్పుడో చెప్పండి. కార్యక్రమ పట్టికలో "6.15కి మేళం, ఐదు నిమిషాలు" అని ఉంటే ఆ తల్లి పిల్లవాడిని ఆ ఐదు నిమిషాలు బయటికి తీసుకెళ్తుంది. చెప్పకుండా మొదలైతే ఆ కుటుంబం సాయంత్రం అక్కడితో ముగిసిపోతుంది. సౌండ్ వాళ్ళకి కొంచెం తగ్గించమని చెప్పడానికి మొహమాటపడకండి, హాల్లో సగం మంది మీకు రుణపడతారు.

ఒక గది ప్రశాంతంగా ఉంచండి. ట్యూబ్‌లైటు మినుకుమినుకుమనకూడదు, రెండు చాపలు, నాలుగు దిండ్లు, ఫ్యాను చాలు. అది శిక్ష గది కాదు, పిల్లల ఆట గదీ కాదు, మనసు కుదుటపడేదాకా కూర్చునే చోటు. మైగ్రేన్ ఉన్నవారికీ, పసిబిడ్డకు పాలివ్వాల్సిన తల్లికీ కూడా పనికొస్తుంది. హాలు ఫోటోలు, "ఇక్కడ చెప్పులు, ఇక్కడ భోజనం, ఇక్కడ టాయిలెట్" అని ముందు రోజే పంపితే, కొత్త చోటంటే భయపడే పిల్లలకి ఇంట్లోనే చూపించి సిద్ధం చేస్తారు.

పిల్లవాడు సభ మధ్యలో లేచి తిరిగితే వెనక్కి తిరిగి చూసేవాళ్ళని ఆపడం ఎలా అంటారా? అధ్యక్షులవారు ఆరంభంలోనే "ఇక్కడ లేచి తిరగవచ్చు, శబ్దం చేయవచ్చు" అని ఒక్క మాట మైకులో అంటే చాలావరకు సర్దుకుంటుంది.

మేధోపరమైన వైకల్యం ఉన్న యువతకి మా కార్యక్రమాల్లో ఏం పని ఇవ్వగలం?

అందరికీ ఇచ్చే పనే. పన్నీరు చల్లడం, వడ్డన, పుస్తకాల స్టాలు, కోలాటం. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా చెప్పి, ఒకసారి చేసి చూపించి, తోడుగా ఒకరిని పెట్టండి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. టీ20 అంటే మేధోపరమైన వైకల్యం ఉన్న అథ్లెట్ల విభాగం. పతకాల దాకా వెళ్ళకపోయినా, అరిటాకులు పరచమంటే పరుస్తారు. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు పాతికేళ్ళవాళ్ళతో మాట్లాడకండి, అంతే.

భోజనాల దగ్గర ఏం చూసుకోవాలి?

బఫే అంటే రెండు చేతులూ కావాలి. చంకకర్రలతో ఉన్నవారు పళ్ళెం ఎలా పట్టుకుంటారు? కొన్ని బల్లలు వేసి వడ్డన పెట్టండి, "ఎవరైనా కూర్చోవచ్చు" అని బోర్డు పెట్టండి. బల్ల కింద మోకాళ్ళు దూరడానికి 700 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. చూపు లేనివారికి వడ్డించేటప్పుడు ఆకులో ఏది ఎక్కడుందో చెప్పండి: మీ వైపు అన్నం, అటు చివర పప్పు, ఎడమ పక్క గోంగూర.

సాయం చేయబోతే "వద్దు" అన్నారు. మా వాలంటీరు చిన్నబుచ్చుకున్నాడు.

చిన్నబుచ్చుకోవడానికేం లేదు. "సాయం కావాలాండీ?" అని అడగాలి, వద్దంటే ఊరుకోవాలి. వీల్‌చైర్‌ని చెప్పకుండా పట్టుకుని తోయడమంటే మనల్ని ఎవరో వెనక నుంచి భుజాలు పట్టుకుని నడిపించడమే. చూపు లేనివారి చెయ్యి పట్టి లాగకండి, మీ మోచేయి అందిస్తే వాళ్ళే పట్టుకుంటారు. పక్కనున్న భార్యని "ఆయన కాఫీ తాగుతారా?" అని అడక్కండి, ఆయన్నే అడగండి. ఎలా వచ్చింది, ఎప్పటినుంచి, పెళ్ళయిందా, ఫలానా నాటువైద్యం చూపించారా... ఈ ప్రశ్నలు మన ఊరి అలవాటే. వాళ్ళు వెయ్యిసార్లు విన్నారు.

అద్దె హాలైతే మా చేతుల్లో ఏముంది?

బేరం ఉంది. అడ్వాన్సు ఇచ్చే ముందు ర్యాంపు, టాయిలెట్ చూసి ఫోటో తీయండి. "ఉందండీ" అన్న మాటని నమ్మకండి. రెండు మూడు సంఘాలు అదే కారణం చెప్పి వెనక్కి తిరిగితే యజమానే కట్టిస్తాడు.

మెట్రో దగ్గరే కదా, రావడానికి ఇబ్బందేముంటుంది?

నమ్మ మెట్రో స్టేషన్లలో లిఫ్టులు, స్పర్శ టైల్స్ ఉన్నాయి. స్టేషను నుంచి మీ గేటు దాకా ఉన్న ఫుట్‌పాత్ సంగతే వేరు. మడిచే వీల్‌చైర్ ఆటోలో వెనక పడుతుంది, బ్యాటరీ వీల్‌చైర్ పట్టదు. ఆహ్వానంలో ఏ గేటు దగ్గర దిగాలో, ఏ లిఫ్టు వాడాలో రాయండి. కారులో వచ్చేవారికి గుమ్మానికి దగ్గరగా 3600 మిల్లీమీటర్ల వెడల్పున్న పార్కింగ్ ఒకటి కేటాయించండి. ఆ అదనపు వెడల్పు, తలుపు పూర్తిగా తెరిచి పక్కన వీల్‌చైర్ దించుకోవడానికి. ముఖ్య అతిథి కారు అక్కడ పెట్టించకండి.

ఇక్కడ ఎవరి సలహా తీసుకోవచ్చు?

బెంగళూరుకి ఈ విషయంలో అదృష్టం ఉంది. 1959లో ఎన్.ఎస్. హేమ స్థాపించిన అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసెబిలిటీ ఇక్కడిదే. మొబిలిటీ ఇండియా 1994 నుంచి, సమర్థనం 1997 నుంచి, ఎనేబుల్ ఇండియా 1999 నుంచి వైకల్యం ఉన్నవారి కోసం పనిచేస్తున్నాయి. సలహా ఇచ్చేవారికి ఫీజు ఇవ్వండి. వైకల్యం ఉన్న మనిషిని పిలిచి హాలంతా తిప్పి, కాఫీ ఇచ్చి పంపేయడం మనకి అలవాటైపోయింది. ఆర్కిటెక్టుకి ఫీజు ఇచ్చేటప్పుడు ఆ మనిషికీ ఇవ్వాలి. ఇంకా మంచిది, కార్యవర్గంలోనే చోటివ్వండి, అదీ ఓటు ఉన్న చోటు.

అగ్నిప్రమాదం జరిగితే?

లిఫ్టు వాడకూడదు కాబట్టి పై అంతస్తులో వీల్‌చైర్ వాళ్ళు ఎక్కడ ఆగాలో, ఎవరు వచ్చి దింపుతారో ముందే తేల్చుకోండి. మోతతో పాటు వెలిగి ఆరే లైటున్న అలారం పెట్టించండి. కుర్చీలు పేర్చి అత్యవసర ద్వారాన్ని మూసేయడం ఇక్కడ అతి మామూలు విషయం, ఆ రోజే తీయించండి.

ఒకసారి చేయించేస్తే అయిపోతుందా?

కాదు. ప్రతి కార్యక్రమానికి గంట ముందు ఒక మనిషి గేటు నుంచి టాయిలెట్ దాకా నడవాలి. ర్యాంపు ఖాళీగా ఉందా, టాయిలెట్‌కి తాళం లేదా, నేల పొడిగా ఉందా, అలారం తాడుని ఎవరైనా అడ్డొస్తోందని పైకి ముడేశారా (శుభ్రం చేసేవాళ్ళు తప్పకుండా ముడేస్తారు), లిఫ్టు నడుస్తోందా, ప్రశాంతమైన గదిలో మేకప్ వాళ్ళు దిగారా. ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు ఆహ్వానంలో ఉండాలి. ఆ రోజు ఆయన ఊరెళ్తే ఎవరు చూస్తారో ఆ పేరు కూడా ముందే వేయండి.